పెట్టె నంబరు

జూన్ 18

పొద్దున్నే వీధిలో "కోనాం... కానాగంతలు..." అని చేపలావిడ కేక వినబడితే గబగబా లేచాను. రెండు నెలలైంది ఆ కేక విని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లను వేటకు పోనివ్వరు. అన్నాళ్లూ మా ఇంట్లో ఎండుచేపలే.

ధర తగ్గించమన్నాను. "ఏటి బాబూ, బోట్లు తిరిగొచ్చి రెండ్రోజులవనేదు, అప్పుడే దిగిపోతాదేటి ధర?" అంది చేపలావిడ. బేరంలో ఆవిడ మీద నేనెప్పుడు గెలిచాను గనక! అడిగినంతా ఇచ్చి అరకిలో కోనాం తీసుకున్నాను.

ఆఫీసు విశాఖపట్నం వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర, ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఓడ సరుకు కస్టమ్స్ దాటించే క్లియరింగ్ ఏజెంట్ దగ్గర పదకొండేళ్లుగా ఓడల కాగితాలు రాస్తున్నాను. ఓడని చూసేది మాత్రం తక్కువ. ఇవాళ ఒక కంటైనర్ పెట్టె నంబర్లో 38కి బదులు 83 కొట్టాను. ఆ నంబరుకో తమాషా ఉంది. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకెని ముందున్న పదింటి నుంచి లెక్కకట్టి పెడతారు. ఎక్కడ తారుమారైనా సాధారణంగా లెక్క కుదరదు. కుదరలేదు. లారీ గేటు దగ్గర ఆగిపోయింది. డ్రైవర్ మూడుసార్లు ఫోన్ చేశాడు, మూడోసారి మర్యాదలు మానేశాడు. సరిచేసిన కాగితం చేతికొచ్చేసరికి నాలుగైంది. భోజనం మాటే మర్చిపోయాను.

తల దిమ్మెక్కిపోయి, ఇంటికెళ్లకుండా రాస్ హిల్ కొండ ఎక్కాను. చర్చి దగ్గర కాస్త గాలి ఉంది, కింద వన్‌టౌన్ అంతా ఉక్కపోత. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ. మధ్యలో ఉన్న కాలవలోంచి ఓ బొగ్గు ఓడ, ముందొక టగ్గు (ఓడల్ని లాగే చిన్న పడవ), వెనకొకటి, ఎంత నెమ్మదిగా వచ్చిందంటే పెంకుటిళ్ల వెనక ఓ మేడ కదిలిపోతున్నట్టుంది. నా పెట్టె వచ్చిన ఓడ కాదులెండి, ఆ పెట్టెలు బయటి రేవు, అవుటర్ హార్బర్లోనే దిగిపోతాయి.

1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఇదే దారిన వచ్చింది, ఈ రేవులోకి మొదటి ఓడ. దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక ముఖద్వారం పూడ్చేస్తోందని, దానికి ముందే రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి అక్కడే ముంచేశారట. ఓడలు రావడానికి ఓడల్నే ముంచడం! మా తాత ఈ సంగతి చెప్పినప్పుడు కోతలనుకున్నాను.

చీకటి పడ్డాక ఇల్లు చేరాను. పులుసులో ఉప్పు ఎక్కువైంది, అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను. చెయ్యి కడుక్కుంటుంటే డ్రైవర్ ఫోను.

"అనకాపల్లి దాటేశాను సార్. తిన్నారా?"