ఆరో నెలలో మూడు రోజుల కషాయం

డిసెంబరు నెల, చలి బాగా ఉన్న రోజులు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి బాత్‌రూమ్‌లో వాంతి చేసుకున్నాను. లైటు వేసి చూస్తే అందులో సన్నగా ఎర్రటి జీరలు, నీళ్లలో కుంకుమపువ్వు వేసినట్టు. నాకప్పుడు 23 వారాలు. తొలిచూలు. మా ఆయన్ని పిలుద్దామంటే నోట మాట రాలేదు. ఛాతీ మధ్య నుంచి గొంతు దాకా ఒకటే మంట, పుండు మీద కారం చల్లినట్టు. ఒక చెయ్యి గొంతు మీద, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, లోపల బిడ్డ కదులుతోందా లేదా అని చూసుకుంటూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

నా పుట్టిల్లు తాడిపత్రి, అత్తిల్లు కడప. రెండు చోట్లా కారం లేనిదే ముద్ద దిగదు. ఎర్రకారం పూసిన దోశ, ఊరుబిండి, సంగటిలోకి నాటుకోడి పులుసు తిని పెరిగిన ప్రాణం నాది. నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి అవన్నీ ఒక్కొక్కటిగా నా కంచంలోంచి పోయాయి. మా అత్తమ్మ వాళ్లమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. అందరం అవ్వ అంటాం. ఎనభై దాటింది. నేనంటే ఆమెకు ప్రాణం. విషయం తెలియగానే నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "మిరియాలు వేడి పాపా. పొరపాటున గూడా ముట్టుకోవద్దు. కడుపు నిలవదు" అంది. అవ్వకు మొదట్లో రెండు గర్భాలు పోయాయి, రెండుసార్లూ మూడో నెలలోనే. ఆ సంగతి తెలిసినదాన్ని, ఆమె మాటకు ఎదురు చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ముందు మిరియాలు మానేశాను. తర్వాత అల్లం, వెల్లుల్లి, మసాలా, చివరికి కూరలో కారం కూడా. ఎవరొచ్చినా ఇంకొకటి కలిపి పోయేవాళ్లు. వేవిళ్లతో ఎలాగూ ఏమీ నిలిచేది కాదు. నాలుగో నెలకు వాంతులు తగ్గినా నేను తింటున్నది పెరుగన్నం, ఇడ్లీ, అంతే. నోరు చచ్చిపోయి అదీ నాలుగు ముద్దలు తిని లేచేదాన్ని. గర్భానికి ముందు 53 కిలోలు ఉన్నదాన్ని, ఐదో నెలలో 52 ఉన్నాను.

ఇంత చప్పటి తిండి తింటున్నా గుండెల్లో మంట మొదలైంది! సాయంత్రం అయ్యేసరికి పుల్లటి తేన్పులు, పడుకుంటే గొంతులోకి చేదుగా ఎక్కిరావడం. మిరియం గింజ నోట్లో పెట్టి నాలుగు నెలలైంది కదా, మరి ఈ మంట ఎక్కడిది అని ఆ రోజు ఎవరమూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో ఇంకా తిప్పుతోందని అదీ మానేశాను. స్ట్రిప్పులు బీరువాలో చీరల కింద పెట్టేదాన్ని. నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. ఈ మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

డిసెంబరులో జలుబు చేసి దగ్గు పట్టుకుంది. రాత్రంతా దగ్గుతుంటే పొట్ట బిగుసుకుపోయేది. అప్పుడే మా ఆయన పెద్దత్త జమ్మలమడుగు నుంచి వచ్చింది. దగ్గు విని, "కడుపుతో ఉన్నప్పుడు ఇంగ్లీషు మందులు వద్దు, కషాయం కాస్తా" అని వంటింట్లోకి పోయింది. అవ్వ వద్దంది గానీ ఆమె మాట సాగలేదు. నాలుగు నెలలుగా మిరియాల డబ్బా అటకెక్కిన ఇంట్లో, రెండు స్పూన్ల నిండా మిరియాలు దంచి గిన్నెలో పడ్డాయి. శొంఠి, తులసి, ఒక ముక్క అతిమధురం, రెండు గ్లాసుల నీళ్లు. అవి మరిగి మరిగి అర గ్లాసు అయ్యాయి. కాఫీ డికాక్షన్ కంటే నల్లగా, పైన నూనె తేలినట్టు సన్నటి పొర. మొదటి గుక్కకే నాలుక మొద్దుబారింది. పొద్దున పరగడుపున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. తాగిన వెంటనే దుప్పటి కప్పుకుని పడుకోమనేవాళ్లు. మూడు రోజులు అలా తాగాను. మూడో రోజు రాత్రి గడిచి తెల్లవారకముందే ఆ వాంతి.

పక్కింటివాళ్ల కారులో ఐదు గంటలకల్లా ఆసుపత్రికి చేరాం. దారి పొడవునా మా ఆయన టెన్షన్‌తో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు, నాకు ఒక్కటీ చెవికెక్కలేదు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ముందు ఏం తిన్నావని అడగలేదు. బీపీ పట్టీ కట్టింది. తలనొప్పి ఉందా, కళ్లు మసకబారుతున్నాయా, మెరుపుల్లాంటివి కనిపిస్తున్నాయా, ముఖం, చేతులు వాచాయా, నొప్పి కుడివైపు పక్కటెముకల కింద ఉందా అని వరసగా అడిగింది. మంట గొంతులో ఉంటే కళ్ల సంగతి ఎందుకు అడుగుతోందా అనుకున్నాను. తర్వాత ఆమే చెప్పింది. 20 వారాలు దాటాక పొట్ట పైభాగంలో నొప్పి వస్తే చాలామంది గ్యాస్ అనుకుని ఇంట్లోనే మాత్ర వేసుకుని ఊరుకుంటారట. బీపీ పెరిగి కాలేయం దాకా పోయే ప్రీఎక్లాంప్సియాలో కూడా నొప్పి అక్కడే వస్తుంది. అందుకే ముందు అది కాదని తేల్చుకోవాలి. ఈ ఒక్క మాట నాకు తెలిసిన ప్రతి గర్భిణికీ చెబుతున్నాను. మంట మామూలే అని ఎవరికి వారు తేల్చుకోవద్దు.

బీపీ 110/70. మూత్రంలో ప్రోటీన్ లేదు గానీ, తిండి చాలక కీటోన్లు ఉన్నాయి. డాప్లర్‌లో బిడ్డ గుండె చప్పుడు వినిపించింది, నిమిషానికి 148. అది విన్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. హిమోగ్లోబిన్ 9.1. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. మలం నల్లగా వస్తోందా అని అడిగింది, లోపల రక్తం పోతోందేమోనని. లేదన్నాను. "ఐరన్ వేసుకుంటే ఎలాగూ నల్లగా వస్తుంది. వేసుకుంటున్నావు కదా?" అంది. అప్పుడు చెప్పాను, బీరువా సంగతి. మా అత్తమ్మ నా వైపు చూసింది గానీ ఒక్క మాట అనలేదు.

రెండు రోజులు ఉంచుకున్నారు. సెలైన్, వాంతులు ఆగడానికి ఒకటి, యాసిడ్ తగ్గడానికి ఒకటి. అదే పనిగా దగ్గి, వాంతి చేసుకోవడం వల్ల అన్నవాహిక లోపలి పొర కాస్త చిట్లిందని, చిన్నదే కాబట్టి దానంతట అదే మానుతుందని చెప్పారు. కషాయంలో అతిమధురం వేశారని విని డాక్టరమ్మ బీపీ ఇంకోసారి చూసింది. అది ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరుగుతుందట, గర్భంతో ఉన్నప్పుడు అసలు వద్దంది.

మరుసటి రోజు రౌండ్స్‌కు వచ్చినప్పుడు నేనే అడిగాను, "మేడమ్, మిరియాల వల్ల బిడ్డకేమైనా అవుతుందా?" అని. ఆమె చీటీ వెనక్కి తిప్పి ఒక గొట్టం, దాని కింద ఒక సంచి బొమ్మ వేసింది. గొట్టం అన్నవాహిక, సంచి జీర్ణాశయం. సంచి మూతి దగ్గర దారంతో బిగించినట్టు గీసింది. గర్భంలో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ గర్భసంచి కండరాన్ని సడలించి ఉంచుతుంది. దాంతోపాటు ఈ మూతినీ సడలిస్తుంది. పైగా నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి కింది నుంచి కడుపును పైకి తోస్తుంది. యాసిడ్ గొంతులోకి వచ్చేది అందుకు. "నువ్వు పెరుగన్నమే తిన్నా మంట వచ్చింది ఇందుకే. చారులోనో పొంగలిలోనో వేసుకునే మిరియాలతో గర్భం పోదు, బిడ్డకు ఏమీ కాదు. నువ్వు తాగింది తిండి కాదు, మందు మోతాదు. అదీ ఖాళీ కడుపున, తాగి పడుకున్నావు. ఉన్న మంటకు అది తోడైంది" అంది. మిరియాల్లోని పైపరిన్ కొన్ని మందులు ఒంట్లోకి ఎక్కే తీరునే మార్చేస్తుందట. మూర్ఛకు ఫెనిటోయిన్ వాడేవాళ్ల లాంటివాళ్లయితే ఇలాంటి కషాయాలు అడగకుండా మొదలుపెట్టనే కూడదని మా అత్తమ్మకు ప్రత్యేకంగా చెప్పింది. దగ్గుకు ఆవిరి పట్టడం, ఉప్పునీళ్లు పుక్కిలించడం, గోరువెచ్చని నీళ్లలో తేనె చాలన్నారు. వారానికి తగ్గింది.

ఇంటికొచ్చాక మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాడు మా ఆయన. ఎడమవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాను. రాత్రి తిండి ఏడింటికే, పడుకునేది పదింటికి. ఒకేసారి కడుపునిండా కాకుండా రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం. మంట వచ్చినప్పుడల్లా సోడా పొడి కలుపుకుని తాగేదాన్ని, దాంట్లో సోడియం ఎక్కువని అది మాన్పించి యాంటాసిడ్ సిరప్ రాశారు. ఐరన్ మధ్యాహ్నం అన్నం తిన్న గంటకు, క్యాల్షియం రాత్రికి, రెండూ కలిపి వద్దు. సిరప్‌కూ ఐరన్‌కూ మధ్య రెండు గంటలైనా ఉండాలి. ఐరన్ వేసుకునే వేళకు టీ దగ్గరకు రానివ్వకూడదు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏం తిన్నాను, ఎన్నింటికి, మంట వచ్చిందా లేదా అని రాసుకున్నాను. మూడు వారాలకు సంగతి తేలింది. మిరపకాయ బజ్జీలు, నూనె తేలే కారం దోశ, చింతపండు పులుసు, ఆవకాయ, రాత్రి ఎనిమిది దాటాక ఏది తిన్నా సరే, మంట. మిరియాల చారు తిన్న రోజున మంట లేదు. ఇది నా ఒంటి లెక్క. ఇంకొకరికి మిరియాలే పడకపోవచ్చు, అలాంటప్పుడు తగ్గించుకోవాలి, అంతే.

ఆ చారు మొదటిసారి పెట్టిన రోజు మాత్రం చెప్పాలి. అత్తమ్మ ఇంట్లో లేదు. నేనే చిన్న కల్వంలో మిరియాలు లెక్కపెట్టి వేసుకున్నాను, నలుగురి చారుకు పదిహేను గింజలు. జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు. ఒక దంపు పడగానే ఆ వాసన! ఐదు నెలల తర్వాత నాకు ఆకలి అనేది నోట్లో తెలిసింది. చప్పుడు విని అవ్వ లేచి వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది. ఆమె ముఖంలో కోపం లేదు, భయం ఉంది. పొయ్యి కట్టేసి ఆమెను కూర్చోబెట్టాను. డాక్టరమ్మ నాతో చెప్పిన ఇంకో మాట చెప్పాను. తొలి నెలల్లో పోయే గర్భాల్లో చాలావాటికి కారణం బిడ్డ ఏర్పడేటప్పుడే క్రోమోజోముల్లో వచ్చే తేడా అని, తల్లి తిన్నదానితో దానికి సంబంధం లేదని. క్రోమోజోమ్ అంటే అవ్వకు తెలియదు. "విత్తనంలోనే తేడా ఉంటే మొలక నిలవదు కదవ్వా, అట్లా" అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. తర్వాత మెల్లగా, "అయితే నేను తిన్నదానికి కాదా పాపా?" అంది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఎవరింట్లోనో పెళ్లికి పోయి మిరియాల పొంగలి తిన్నదట. నాలుగు రోజులకు గర్భం పోయిందట. ఆ రోజు వాళ్లత్త అన్న మాట ఆమె ఇన్నేళ్లూ లోపలే మోసింది. ఒక్కసారి కూడా ఎవరితోనూ అనలేదు. "కాదవ్వా" అన్నాను. "నిజంగానా?" అని మళ్లీ అడిగింది. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ చెప్పాను.

తర్వాతి పరీక్షలకు ప్రభుత్వ ఆసుపత్రికి పోయాను, అక్కడ ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా చూస్తారు. ఫిబ్రవరి 9న హిమోగ్లోబిన్ 10.3. ఏప్రిల్‌లో కాన్పు నాటికి 11.1. మంట పూర్తిగా పోలేదు, చివరి నెలలో రెండు దిండ్లు వేసుకుని సగం కూర్చునే నిద్రపోయేదాన్ని. కానీ తింటున్నాను, ఒళ్లు పట్టింది. తాడిపత్రిలో మా అమ్మ దగ్గర ఉండి కన్నాను. ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిది వందలు. కాన్పయిన రాత్రికే గుండెల్లో మంట తీసేసినట్టు పోయింది.

పురుడు రోజుకు కడప నుంచి అందరూ రైల్లో వచ్చారు. అవ్వకు ప్రయాణం చేసే ఓపిక లేదనుకున్నాం, ఆమే ముందు దిగింది. బిడ్డను చూసి, మెటికలు విరిచి, నా పక్కన కూర్చుని కొంగు ముడి విప్పింది. లోపల ఒక పిడికెడు మిరియాలు. కొట్టులో విడిగా అమ్మే మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారని, నీళ్లలో వేస్తే అవి పైకి తేలతాయని ఎప్పుడో నేనే చెప్పాను. అవ్వ చెంబు నీళ్లలో వేసి, తేలినవన్నీ తీసిపారేసి, మునిగినవి ఎండబెట్టి తెచ్చింది. "మీ అమ్మకియ్యి, బాలింత చారుకు" అంది.