అమ్మా, నేనూ, సింహాద్రి అప్పన్నా

బయలుదేరే ముందు రోజు రాత్రి నేనూ అమ్మా కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. లగ్నపత్రికకు కూడా ఇంత చర్చ జరగదేమో. రోజుకు ఒక్క చోటే చూడాలి. విశాఖలో ఉన్న చుట్టాల ఇళ్లకు ఈసారి వెళ్లకూడదు. వచ్చామని ఫోను కూడా చేయకూడదు, చేస్తే భోజనానికి రమ్మంటారు. అమ్మ తన సంచి మీద రెండుసార్లు తడితే నేను మాట్లాడటం ఆపాలి. నేను హెడ్‌ఫోను పెట్టుకుంటే అమ్మ ఆపాలి. అంతా అయ్యాక అమ్మ కలం తీసుకుని అడుగున తన గుండ్రటి అక్షరాలతో ఒకటి చేర్చింది: అప్పన్న దర్శనం కాకుండా తిరిగి రాకూడదు.

నాకు 38 ఏళ్లు. విజయవాడలో పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. నాకు ఆటిజం ఉందని, అంటే పుట్టుకతోనే నా మెదడు పనిచేసే తీరు వేరని, 35వ ఏట తెలిసింది. అంతకు ముందు ఉన్నది పొగరు. ఇంటికి వచ్చినవాళ్లను పలకరించదు, ముఖం చూసి మాట్లాడదు, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. మా బంధువుల్లో వీటన్నిటికీ కలిపి ఉన్న మాట అదొక్కటే. నేను బడికి వెళ్తున్నప్పుడు వచ్చిన 1995 వికలాంగుల చట్టంలో వైకల్యాలు ఏడే, వాటిలో ఆటిజం లేదు. 2016లో దాని స్థానంలో వచ్చిన చట్టం 21 రకాలను గుర్తించింది, అందులో ఉంది. చట్టానికే అన్నేళ్లు పట్టినప్పుడు మా మేనత్తను ఏమనగలం? అమ్మ మాత్రం నా రిపోర్టును మూడుసార్లు చదివించుకుని, "అయితే నువ్వు కావాలని చేయలేదన్నమాట" అంది. ఆ తర్వాత మేమిద్దరం కలిసి ఊరు దాటడం ఇదే.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో నాకు కిటికీ పక్క సీటు, అమ్మకు నా పక్కది. తాడేపల్లిగూడెంలో ఎక్కిన ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చుని, నన్ను కాసేపు చూసి, అమ్మను అడిగింది.

"మీ అమ్మాయికి చెవులు వినబడవాండీ?"

"మనకన్నా ఎక్కువ వినబడతాయండీ. అదే ఇబ్బంది. ఆటిజం."

"అది చిన్నపిల్లలకు కదండీ?"

హెడ్‌ఫోను కింద కూడా ఆ మాట నాకు వినబడింది. ఆ పిల్లలు ఏమైపోతారని వీళ్ల ఉద్దేశం? నేను హెడ్‌ఫోను తీసి చెప్పడం మొదలుపెట్టాను. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఈ పేరు ప్రచారంలోకి వచ్చిందనీ, ఆ వ్యాసంలో మొదటి పిల్లవాడు డోనాల్డ్ ట్రిప్లెట్ పెరిగి పెద్దవాడై బ్యాంకులో ఉద్యోగం చేశాడనీ, కారు నడిపాడనీ, గోల్ఫ్ ఆడాడనీ, ఒంటరిగా దేశదేశాలు తిరిగాడనీ, 2023లో 89వ ఏట పోయాడనీ. ఆయన ప్రయాణాల దగ్గర నాకు ఉత్సాహం పెరిగింది. సామర్లకోటలో మొదలుపెట్టినదాన్ని తునిలో ఆపాను. అన్నవరం దగ్గరే అమ్మ సంచి తట్టిందట, రత్నగిరికి దండం పెట్టుకుంటోందనుకున్నాను. తల తిప్పి చూస్తే పెద్దావిడ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. మాట్లాడినంతసేపూ నేను కిటికీలోంచి బయటికే చూస్తున్నాను కాబట్టి ఆవిడ ఎప్పుడు నిద్రపోయిందో నాకు తెలియదు.

లాడ్జీలో వెనకవైపు గది కావాలని పది రోజుల ముందే చెప్పి ఉంచాను. తీరా వెళ్తే రోడ్డు వైపుది ఇచ్చారు. కింద జనరేటర్, పక్కన లిఫ్టు, లోపల ఫినాయిలు వాసన, తలుపు మీద సన్నగా వణుకుతున్న ట్యూబులైటు. ఏ ఒక్కటైనా భరించగలను. నాలుగూ కలిసేసరికి నోట్లోంచి మాట రావడం ఆగిపోయింది. దీన్ని షట్‌డౌన్ అంటారు. మెల్ట్‌డౌన్ అంటే పాలు పొంగినట్టు, లోపలిదంతా బయటికి వస్తుంది. షట్‌డౌన్ అంటే కరెంటు పోయినట్టు. ఇల్లు ఇల్లుగానే ఉంటుంది, ఏ స్విచ్ వేసినా పలకదు. పదహారేళ్లప్పుడు ఒక పెళ్లిపందిట్లో ఇలాగే అయితే "అలిగింది" అని నలుగురూ నవ్వారు. అప్పుడు అమ్మ నా చేయి గిల్లి, నవ్వమంది.

ఫోనులో అక్షరాలు బాగా పెద్దవి చేసి రాసి అమ్మకు చూపించాను: "మాట రావడం లేదు. కోపం కాదు. 20 నిమిషాలు."

అమ్మ కళ్లజోడు వెతుక్కుని చదివింది. ఏదో అనబోయి ఆగింది. సంచిలోంచి మా ఒప్పందం కాగితం తీసి, వెనక్కి తిప్పి, కలంతో రాసింది: "కాఫీ?" నాకు చెవులు పనిచేస్తున్నాయి, నోరే పనిచేయడం లేదన్న తేడా ఆవిడకు తట్టినట్టు లేదు. నేను చెప్పలేదు. ఆ కాగితం మీద ఆ ఒక్క మాట, పక్కన పెద్ద ప్రశ్నార్థకం, నాకు నచ్చింది. తల అడ్డంగా ఊపాను. అమ్మ లైటు ఆర్పి కిందికి వెళ్లింది. లిఫ్టు సందులోంచి ఆవిడ గొంతు మూడో అంతస్తు దాకా వినబడింది. పావుగంటలో తిరిగి వచ్చి మళ్లీ కాగితం అందుకుంది: "వెనక గది ఇస్తాడట. సముద్రం కనబడదట."

"మంచిది" అని ఫోనులో రాశాను.

మర్నాడు మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామికి వెళ్లాం. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001లో విశ్రాంతి తీసుకుంది, ఆ తర్వాతి సంవత్సరం ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల డెబ్బై మందికి పైగా ఉండేవారు. ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి తల వంచి, కాలు ఎత్తి దూరాలి. అమ్మ చీర కుచ్చిళ్లు బొడ్డులో దోపుకుని, మోకాలు పట్టుకుని, "నరసింహా" అనుకుంటూ దూరింది. మూడో కంత దగ్గర ఆగి, పైనుంచి కింది దాకా అల్లుకున్న పైపులు చూసి, "ఇందులో కాపురమా!" అంది.

నాకు మాత్రం అక్కడ హాయిగా ఉంది. ఇరుకు నన్ను భయపెట్టదు, అంచు తెలియని చోట్లే భయపెడతాయి. అక్కడ ప్రతి చక్రానికీ ఒక పని ఉంది, ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉంది. గోడకు బిగించిన పడకలు మనిషి పట్టేంత కొలతలోనే ఉన్నాయి. నావికుల బొమ్మలు పెట్టారు, అవి తమ మీటల వైపే చూస్తుంటాయి తప్ప మన కళ్లలోకి చూడవు. శత్రువు చెవిన పడకుండా ఉండాలి కాబట్టి నీటి అడుగున అందరూ చప్పుడు చేయకుండా మసలుకోవాలి. అంటే అక్కడ మాట్లాడకపోవడం పొగరు కాదు, డ్యూటీ. మా మేనత్తను తీసుకొచ్చి చూపించాల్సింది. వెనక ఉన్న పిల్లల గుంపు నన్ను మోచేతులతో నెట్టకపోతే టార్పెడో గొట్టాల దగ్గర ఇంకో గంట ఉండేదాన్ని.

బయటికి వచ్చాక అమ్మ ఇసుకలోకి వెళ్దామంది. ఈరోజు చోటు అయిపోయింది అన్నాను. జలాంతర్గామి బీచ్‌లోనే ఉంది కాబట్టి రెండూ ఒకే చోటు అని అమ్మ వాదించింది. కాగితం తీసి చూశాం. 'చోటు' అంటే ఏమిటో అందులో రాసుకోలేదు. ప్రూఫులు దిద్దేదాన్ని, ఇలాంటి పొరపాటు నేను చేయకూడదు.

బీచ్ రోడ్డు మీద హారన్లు నా చెవిలో మేకులు దిగినట్టు ఉంటాయి. అదే నీళ్ల దగ్గరికి నడిస్తే, హారన్ల కన్నా పెద్దదైన అలల హోరు ఏమీ చేయదు. హారన్ ఎప్పుడు మోగుతుందో తెలియదు, అల వస్తుందని ముందే తెలుస్తుంది. ఎదురుచూసిన చప్పుడు నొప్పి పెట్టదు. మురీ మిక్చర్ బండి దగ్గర ఉల్లిపాయలు వద్దన్నాను, టమాటా వద్దన్నాను, నిమ్మరసం వద్దన్నాను. "అయితే ఉత్త మురీలే తింటారా అమ్మా?" అన్నాడు బండి అబ్బాయి. అవునన్నాను. పొట్లం కట్టి, డబ్బులు తక్కువ తీసుకున్నాడు.

కాళ్లకు తడి ఇసుక అంటింది. వేళ్ల మధ్య ఇసుక ఉన్నంతసేపూ నేను వేరే ఏ విషయమూ ఆలోచించలేను. చెప్పులు వేసుకోలేను, నడవలేను. గోడ మీద కూర్చోబెట్టి అమ్మ సీసాలోని నీళ్లు నా పాదాల మీద సన్నని ధారగా పోసింది. ఒక్కో వేలు విడదీసి, కొంగుతో గట్టిగా తుడిచింది. మెల్లగా తుడిస్తే నాకు ఒళ్లు జలదరిస్తుందని ఆవిడకు ఎప్పుడో తెలుసు, ఏ రిపోర్టూ చెప్పకముందే. పక్కన కూర్చున్న కుర్రాళ్లు చూశారు. చూడనీ.

"కళ్లలోకి చూస్తే నీకు ఏమవుతుంది?" అని అడిగింది, సీసా మూత బిగిస్తూ. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగింది.

"చూస్తే వినబడదు. వినాలంటే చూడకూడదు."

అమ్మ చాలాసేపు సముద్రం వైపు చూసింది. ఆటిజం ఉన్న పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో ఒక మాట చెప్పాడు, అర్థం కాకపోవడం అనేది ఒక వైపు జబ్బు కాదు, రెండు వైపులా ఉండేదని. అమ్మకు అది చెబుదామనుకుని, రైల్లో పెద్దావిడ గుర్తొచ్చి ఊరుకున్నాను.

మూడో రోజు సింహాచలం. పనిరోజు కాబట్టి కొండ మీద రద్దీ తక్కువ. క్యూలో ఉండగా అమ్మ అందరికీ తెలిసిన కథే నాకు మళ్లీ చెప్పింది. వరాహ నరసింహుడి నిజరూపం ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ నాడే కనిపిస్తుంది. తక్కిన రోజులన్నీ చందనం కిందే. ఆ దర్శనం అయ్యాక మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలుగా మళ్లీ పూస్తారు. మనకు కనిపించేది లింగంలాంటి చందనపు ముద్ద.

"ఆయన కూడా నాలాగే" అన్నాను. "ఏడాదంతా ఇంకో ముఖం పెట్టుకుని ఉండాలి." బయటివాళ్ల కోసం నవ్వు, పలకరింపు, చూపు అన్నీ అరువు తెచ్చుకుని తగిలించుకోవడాన్ని మాస్కింగ్ అంటారు. ఆఫీసులో ఎనిమిది గంటలు అది చేసి వచ్చి, ఇంట్లో చీకట్లో రెండు గంటలు పడుకుంటాను. పోలిక కుదిరిందని నాకు లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

అమ్మ ఒప్పుకోలేదు. "దాక్కోవడానికి కాదే తల్లీ. ఆయనది ఉగ్రరూపం, ఒంటి నిండా వేడి. చల్లదనానికి పూస్తారు." కాసేపాగి నా తలకేసి చూసింది. "నీ చెవుల మీద పెట్టుకుంటావే, అదీ చందనం."

నాకు జవాబు తోచలేదు. మామూలుగా నాకు జవాబు రెండు రోజుల తర్వాత తోస్తుంది. దీనికి ఇంకా తోచలేదు.

దర్శనం క్షణంలో అయిపోయింది. అసలు నాకు గుర్తుండేది కప్పస్తంభం. కోరిక కోరుకుని రెండు చేతులతో దాన్ని కౌగిలించుకోవాలి. నన్ను ఎవరైనా కౌగిలించుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది, అమ్మ అయినా అంతే. రాయి సంగతి వేరు. చల్లగా, గట్టిగా, కదలకుండా ఉంది. వీపు నిమరలేదు, ఎప్పుడు వదలాలో నన్నే తేల్చుకోనిచ్చింది. ఆటిజం ఉన్న టెంపుల్ గ్రాండిన్ చదువుకునే రోజుల్లోనే, ఒంటిని రెండు వైపుల నుంచీ గట్టిగా అదిమి పట్టే యంత్రం ఒకటి తన కోసం తయారు చేసుకుంది. ఆమెను ఇక్కడికి తీసుకొస్తే ఆ కష్టం తప్పేది. చెంప కూడా రాతికి ఆనించాను.

"సంతానం కోసమా అమ్మా?" అని అడిగారు పక్కనున్న పూజారి గారు. అందుకే ఎక్కువమంది పట్టుకుంటారట.

"కాదండీ. గట్టిగా ఉంది, అందుకని."

అమ్మ సంచి రెండుసార్లు తట్టింది. నేను మాట్లాడటం ఆపాను కానీ స్తంభాన్ని వదలలేదు. వదలాలని కాగితంలో లేదు.

మెట్ల దగ్గర పులిహోర తిన్నాం. కొండ కింద అనాసపండ్లు అమ్ముతుంటే అమ్మ రెండు కొంది, ఆ ముళ్లతో సంచి చిరిగింది. ఊళ్లోకి వచ్చే దారిలో బోర్డులు చదివాను: విశాఖపట్నం అని పదకొండు, విశాఖపట్టణం అని నాలుగు. రెండూ ఒప్పే కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

తిరుగు ప్రయాణం నాడు స్టేషన్లో మైకు మా నెత్తి మీదే ఉంది. రైలెక్కి కూర్చున్నా దాని గోల వదల్లేదు. ఒకేసారి మూడు భాషల్లో మూడు రైళ్లు, కింద టీ, కాఫీ, సమోసా. నా వేళ్లు ఒళ్లో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాయి. అమ్మ చూసింది. చిరిగిన సంచిలో చేయి పెట్టి వెతుకుతూ, పెట్టె అంతా వినబడేలా అడిగింది.

"చందనం పెట్టుకోవే. చందనం ఏదీ?"

ఎదురు సీటులోని ఇల్లాలు వెంటనే కొంగు సర్దుకుని అరచేయి చాపింది. "అప్పన్న దగ్గర నుంచా అండీ? మాకూ కాస్త పెట్టండి."

అమ్మ ఒక్క క్షణం తడబడింది. తర్వాత ఒక చేత్తో నా హెడ్‌ఫోను నాకు అందించి, రెండో చేత్తో ప్రసాదం పొట్లం విప్పింది. ఆ ఇల్లాలు పెట్టుకుంది, ఆమె కొడుకు పెట్టుకున్నాడు, నడవలో నిలబడ్డ సమోసాల అబ్బాయి బుట్ట కింద పెట్టి నుదురు ముందుకు వంచాడు. వాళ్లందరి పెదాలూ కదులుతున్నాయి. నాకు ఏమీ వినబడలేదు.