మెట్లదారిన కొండవీడు

ఘాట్ రోడ్డు పడ్డాక గుంటూరు వాళ్లకి కొండవీడు బాగా దగ్గరైంది. పాతిక కిలోమీటర్ల దూరం. పొద్దున్నే కారేసుకుని కొండమీదికి వెళ్లి, ఫొటోలు దిగి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. నేనూ అలా మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ చల్లగాలి బాగుందనుకున్నాను, చెరువులు బాగున్నాయనుకున్నాను. కోట మాత్రం అర్థం కాలేదు. ఇంత పెద్ద గోడలు ఎవరిని ఆపడానికి కట్టారో, ఈ కొండే ఎందుకు కావాల్సి వచ్చిందో ఒక్కసారి కూడా తట్టలేదు.

మొన్న భోగికి ముందు ఆదివారం మా బావతో కలిసి పాత మెట్లదారిన నడిచి ఎక్కాను. బావ తాపీమేస్త్రీ. ముప్పై ఏళ్లుగా రాయి, ఇటుక, సిమెంటు తప్ప వేరే పని ఎరగడు. వారం రోజులుగా నేను పోరుతుంటే, "సరే పదరా, గోడలన్నా చూద్దాం" అని ఒప్పుకున్నాడు.

తెల్లారుజామున ఐదున్నరకి బండి మీద బయల్దేరాం. చిలకలూరిపేట వైపు హైవే ఎక్కగానే మంచు కమ్మేసింది. ముందు వెళ్లే లారీ వెనక లైట్లు దగ్గరికి పోతే గాని కనపడలేదు. బోయపాలెం దగ్గర కుడివైపు తిరిగేదాకా నాకు ఒకటే టెన్షన్. అక్కడి నుంచి పల్లెదారి. ఇళ్ల ముందు ధనుర్మాసం ముగ్గులు, గొబ్బెమ్మల మీద బంతిపూలు. చేలల్లో మిర్చి ఎర్రబడుతోంది. మంచు పల్చబడేకొద్దీ ఎదురుగా కొండలు ఒకదాని వెనక ఒకటి తేలాయి. కోట ఇప్పుడు పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. జిల్లాలు విడిపోయిన 2022 దాకా ఇది గుంటూరు జిల్లా కోటే. మా నోటికి ఇప్పటికీ గుంటూరు కోటే.

కొండ కింద గోపీనాథస్వామి గుడి దగ్గర బండి పెట్టాం. ఈ గుడిని జనం కత్తుల బావి అంటారు. రెడ్డి దొరలను లోపలికి పిలిచి ఒక్కొక్కరినే నరికి పడేశారని కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ చల్లని రాతి మండపంలో నిలబడితే గొంతు పెంచి మాట్లాడబుద్ధి కాదు.

మెట్లు మొదలయ్యాక కాసేపటికే ఊరి చప్పుడు ఆగిపోయింది. రెండు పక్కలా అడవి. కొండవీటి సీతాఫలాలకి పేరుంది గాని, వాటి కాలం అయిపోయింది. చెట్ల కింద రాలిన ఆకు మంచుకి తడిసి మెత్తగా ఉంది. రేగుపళ్లు మాత్రం విరగకాశాయి. బావ గుప్పెడు కోసి జేబులో వేసుకున్నాడు, అక్కకి ఇష్టమని. ఎక్కడో నెమలి అరిచింది. చలికి ముందు చెవులు మొద్దుబారాయి, పావుగంట ఎక్కేసరికి స్వెటర్ విప్పి నడుముకి కట్టుకున్నాను.

కారులో పోయేవాడికి ఎప్పటికీ తెలియని విషయం ఒకటి ఈ దారిలో తెలిసింది. నడిచేవాడు ఎక్కడా తలెత్తి తీరిగ్గా చూడలేడు. మెట్లు ఒక ఎత్తున ఉండవు. ఒకటి జానెడు, దాని పైది మోకాలెత్తు. కళ్లు కాళ్ల మీదే ఉండాలి. ఆయాసం తీర్చుకుందామని ఆగి పైకి చూస్తే, సరిగ్గా మన నెత్తిన ఒక బురుజు ఉంటుంది. మళ్లీ కాస్త ఎక్కి ఆగితే ఇంకోటి. చేతిలో ఏమీ లేకుండా, ఎవరూ అదిలించకుండా ఎక్కుతున్న నాకే గుండె కొట్టుకుంటోంది. డాలు, కత్తి, నీళ్లతిత్తి మోసుకుంటూ, పైనుంచి రాళ్లు దొర్లుతుంటే ఎక్కినవాళ్ల సంగతి ఏమిటి?

ఓ బురుజు అడుగున బావ ఆగిపోయాడు. గోడకి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి చూస్తున్నాడు. పెద్ద రాళ్ల మధ్య సందుల్లో చిన్న చిన్న రాతి ముక్కలు బిగించి ఉన్నాయి. కొన్ని అరచేతంత, కొన్ని వేలంత. సందులోని సున్నం వానలకి చాలావరకు కొట్టుకుపోయింది.

"చూడు, సున్నం పోయినా గోడ కదల్లేదు. బరువంతా ఈ ముక్కల మీద కూర్చుంది. పెద్దరాయి ఎవడైనా పెడతాడు. ఈ ముక్క ఎక్కడ ఎంత కావాలో తెలిసినవాడే మేస్త్రీ" అన్నాడు.

ఒకచోట సున్నం ఇంకా మిగిలుంది. బావ బొటనవేలి గోరుతో గీకాడు. రాలలేదు. గోరే అరిగింది. "గానుగ సున్నం. మా తాత తిప్పించేవాడు గానుగ, ఎద్దుల్ని కట్టి. రోజుల తరబడి నానాలి, నలగాలి. ఇప్పుడు మనం వేసేది మూడోరోజుకి గట్టిపడుతుంది, ముప్పై ఏళ్లకి పెచ్చులూడుతుంది" అని ఆ సున్నాన్ని అరచేత్తో నిమిరాడు. బావ ఏ దేవుడి ముందూ అంత నెమ్మదిగా నిలబడగా నేను చూడలేదు.

ఆ పక్కనే సగం చీలిన బండ ఒకటి పడి ఉంది. దాని అంచు పొడుగునా వరసగా అగ్గిపెట్టెంత గుంటలు. రాయిని పగలగొట్టడానికి ఉలితో తొలిచినవి. చివరి రెండు గుంటలు పూర్తిగా దిగలేదు, రాయి అంతకుముందే వేరే వైపుకి చీలినట్టుంది. ఆ గుంటలో వేలు పెట్టి చూశాను. అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి.

పైన వాకిలి దగ్గర దారి నేరుగా లోపలికి పోదు. గోడ వెంట నడిపించి చప్పున తిప్పుతుంది. కోటకి కోలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా అని రెండు పెద్ద వాకిళ్లు. ఆ మలుపులో నిలబడితే మూడు వైపులా గోడే కనిపిస్తుంది. పరుగున వచ్చే గుర్రమైనా ఏనుగైనా అక్కడ ఊపు తగ్గించక తప్పదు.

అక్కడే కడుపు మండిపోయే దృశ్యం కూడా చూశాం. గోడ పునాది పక్కన మనిషి లోతు గొయ్యి. గుప్తనిధుల కోసం ఎవరో తవ్వారు. ఆ గొయ్యి మీదున్న గోడ ముక్క బయటికి పొట్టలా ఉబ్బి ఉంది. "రెండు వానలు పడితే ఇది ఉండదు" అన్నాడు బావ. ఇక్కడ నిధి ఏదైనా ఉంటే ఈ గోడే. దాన్ని పడగొట్టి అడుగున వెతుకుతున్నారు. ఇంకాస్త పైన రాళ్ల మీద పెయింటుతో పేర్లు, హృదయం గుర్తులు. పది నిమిషాల సరదా కోసం ఆరేడు వందల ఏళ్ల రాయిని పాడుచేయడానికి చేతులెలా వస్తాయో నాకు అర్థం కాదు.

చెరువుల దగ్గర కూర్చుని అక్క కట్టిచ్చిన ఇడ్లీ, కారప్పొడి తిన్నాం. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వేదుళ్ల చెరువు. ఇంత ఎత్తున, నడి చలికాలంలో నిండుగా నీళ్లు. కొండమీద పడిన ప్రతి వాన చుక్కా వాలు వెంట వచ్చి ఇక్కడ ఆగాల్సిందే. ముట్టడి వేసినవాడు కింద ఎంతకాలం కూర్చున్నా, పైన ఉన్నవాళ్లకి దాహం బాధ ఉండదు. గోడలు నిలబడ్డది సున్నంతో అయితే, కోట నిలబడ్డది ఈ చెరువులతో.

ఇక్కడ కూర్చునే బావకి నాకు తెలిసిన చరిత్ర చెప్పాను. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యం నిలబెట్టాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. ఈ అనవోతారెడ్డే 1358లో మోటుపల్లి రేవులో వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. అంతకు నూరేళ్ల పైన, 1244లో కాకతీయ గణపతిదేవుడు అదే రేవులో అలాంటి మాటే ఇచ్చాడు. పాత రాజులు తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవారని, తాను సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఆ శాసనం సారాంశం.

"రేవు అక్కడుంటే కోట ఇక్కడెందుకు?" అన్నాడు బావ.

నేను మూడుసార్లు వచ్చి కూడా అడగని ప్రశ్న అది. లేచి తూర్పు అంచుకి వెళ్లి నిలబడ్డాం. మంచు పూర్తిగా విడలేదు గనక సముద్రం కనపడలేదు. కాని కళ్ల ముందు నేల ఎలా ఉందో చూస్తే జవాబు అక్కడే ఉంది. కింద నుంచి తీరందాకా అంతా చదును. చేలు, చెరువులు, ఊళ్లు. ఆ ఇసక తీరంలో, ఆ రేగడి చేలల్లో పట్టుకుని నిలబడడానికి ఎత్తైన చోటంటూ లేదు. రేవు నుంచి సరుకు బళ్లు లోపలికి రావాలంటే ఈ మైదానం దాటాలి. దాన్ని పైనుంచి కాయగలిగిన కొండల్లో ఇదొకటి. తీరాన్ని కాసిన గోడలు తీరంలో లేవు, ఇక్కడ ఈ అడవిలో ఉన్నాయి.

ఏం కాశారో శ్రీనాథుడి హరవిలాసం అవతారికలో ఉంది. కొండవీటి రాజు కుమారగిరిరెడ్డికి వర్తకుడు అవచి తిప్పయ సెట్టి సముద్రాల మీద తెప్పించిన సరుకుల పట్టిక అది. సింహళం ఏనుగులు, హురుమంజి (హోర్ముజ్) గుర్రాలు, చీనా పట్టు, కర్పూరం. కుమారగిరికి కర్పూర వసంతరాయలు అనే బిరుదు ఊరికే రాలేదు. వసంతోత్సవంలో ఈ కొండల మధ్య చల్లిన కర్పూరం ఎన్నో సముద్రాలు దాటి వచ్చింది.

అందుకే అందరికీ ఈ కొండ కావాల్సి వచ్చింది. రెడ్ల తర్వాత ఒడిశా గజపతులు. 1515 జూన్ 23న శ్రీకృష్ణదేవరాయలు దీన్ని గెలిచాడు, గజపతి కొడుకు వీరభద్రుడు బందీగా చిక్కాడు. ముందు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ లాంటి కోటలు ఒక్కొక్కటీ తీసుకుని, ఆ తర్వాతే రాయలు కొండవీడు గెలిచాడు. దీని తర్వాత మన బెజవాడ పక్కనున్న కొండపల్లి. ఆ తర్వాత కాలంలో గోల్కొండ నవాబులు పట్టుకుని ముర్తజానగరం అని పేరు మార్చారు. చివరికి 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది.

బావ అంతా విని మా తాతమ్మని తలుచుకున్నాడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు తీరం ఊళ్ల జనం మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్లకి చుట్టాల ఇళ్లకి వచ్చారని ఆమె చెప్పేది. "సముద్రం వైపు నుంచి భయం వస్తే మనవాళ్లు కొండల వైపే నడిచారన్నమాట" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. ఎండ పొడికి మెట్లు ఆరాయి గాని మోకాళ్లు వణికాయి. ఆ ఉబ్బిన గోడ దగ్గర బావ మళ్లీ ఆగాడు. కింద పడున్న రాతి ముక్కల్లో రెండు మూడు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, గోడని ముట్టుకోకుండా ఎక్కడివక్కడే పెట్టేశాడు. "తెలిసినవాళ్లు వచ్చి లెక్కగా చేయాలి. నేను చెయ్యి పెడితే తప్పు" అన్నాడు. దిగేదాకా ఆ గోడ గురించే మాట్లాడాడు. ముందు గొయ్యి పూడ్చాలట, తర్వాత కర్రలు పోటు పెట్టాలట, గానుగ సున్నమే వాడాలట, సిమెంటు పొరపాటున కూడా తగలకూడదట.

గుడి దగ్గర టీ తాగుతూ ఫోన్‌లో మోటుపల్లికి దారి చూశాను. వీరభద్రస్వామి గుడిలో ఆ శాసనాలు ఉన్నాయి. "పండగ వెళ్లాక వచ్చే ఆదివారం?" అన్నాను.

"అక్కడ గోడలున్నాయా?" అన్నాడు బావ.

"రాళ్ల మీద రాతలున్నాయి."

"ఉలి పనేగా. పోదాం" అని జేబులోని రేగుపళ్లు నలగలేదు కదా అని చూసుకుని బండెక్కాడు.