నలభై వేల కాయలు మైనస్‌లో పడ్డ సంగతి

ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. డిగ్రీలో బీఎస్సీ కంప్యూటర్స్ తీసుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు, మా పక్కింటి అన్నయ్య అదే చదివాడు. నాన్న అంబాజీపేటలో ఒక కొబ్బరికాయల వ్యాపారి దగ్గర గుమస్తా. ఇంట్లో లెక్కలకు కొదవ లేదు గానీ కంప్యూటర్ మాత్రం లేదు.

అమలాపురం కాలేజీలో మొదటి పాఠం నంబర్ సిస్టమ్స్. సున్నాలూ ఒకట్లతోనే అంకెలు రాసే బైనరీలో 1101 అంటే 13 అని సార్ బోర్డు మీద చకచకా వేసుకుపోతుంటే నా బుర్రకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఎక్కించింది మా నాయనమ్మ. ఆవిడ నిమ్మకాయలు పుంజీల్లో లెక్కపెడుతుంది. పుంజీ అంటే నాలుగు. ఓ రోజు "మూడు పుంజీలూ, మీద రెండూ" అంది. అంటే పద్నాలుగు. ఆ మూడూ రెండూ పక్కపక్కన రాస్తే 32. బేస్ నాలుగులో, అంటే పదుల బదులు నాలుగుల లెక్కలో, 14ని అలాగే రాస్తారు! పుంజీ బదులు జత అనుకుంటే బైనరీ వచ్చేసింది.

తర్వాత ప్రోగ్రాములు రాసే సి లాంగ్వేజి. చలరాశి ఇక్కడ వేరియబుల్, ప్రమేయం ఇక్కడ ఫంక్షన్. పేర్లు చూస్తే చుట్టాలే గానీ గుణాలు వేరు. ఎక్స్ = ఎక్స్ + 1 అని రాస్తే మా హైస్కూలు మాస్టారు బెత్తం తీసేవారు, ఇక్కడ అదే సరైన లైను, ఎక్స్‌లో ఉన్నదానికి ఒకటి కలిపి మళ్లీ ఎక్స్‌లోనే పెట్టమని. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే మొదటి ఇంటర్నల్ తప్పేవాణ్ణి కాదేమో.

ల్యాబ్‌లో ముగ్గురికి ఒక సిస్టమ్, అందులో నీలం తెర టర్బో సి, అంటే మన సి ప్రోగ్రామును మెషీను భాషలోకి మార్చే కంపైలర్. కరెంటు పోయేలోపు ఎఫ్2 నొక్కి సేవ్ చేసుకోనివాడి పని గోవిందా. కీబోర్డు నుంచి అంకె తీసుకునే స్కాన్ఎఫ్‌లో & గుర్తు మరిచిపోతే కంపైలర్ నోరెత్తదు, మనమిచ్చిన అంకె ఎటో పోతుంది. దాని కోసం రెండు ల్యాబులు వెతికాను.

అసలు కథ కాయల దగ్గర మొదలైంది. నాన్నకు పనికొస్తుందని రెండు లోడ్ల కాయలు కలిపే చిన్న ప్రోగ్రామ్ రాశాను. 18,000, 22,000 ఇచ్చి కంట్రోల్ ఎఫ్9 నొక్కితే వచ్చిన మొత్తం మైనస్ 25,536. ప్లస్ బదులు ఇంకేదైనా కొట్టానేమోనని పదిసార్లు చూశాను. అదే ప్రోగ్రామ్ ఇంటికొచ్చి ఫోన్ యాప్‌లో కొడితే బుద్ధిగా 40,000 చూపించింది! నాన్న నవ్వి, "ఏరా, మీ కాలేజీలో కలిపితే కాయలు మనమే బాకీ పడతామా?" అన్నారు.

మర్నాడు మేడమ్ చెప్పారు. టర్బో సి 1987 నాటిది. అందులో ఇంట్‌కి, అంటే పూర్ణాంకం దాచే వేరియబుల్‌కి, ఇచ్చే చోటు 16 బిట్లే. బిట్ అంటే ఒక సున్నా గానీ ఒకటి గానీ పట్టే గడి. వాటితో 65,536 సంఖ్యలు కుదురుతాయి, అందులో సగం మైనస్‌లకు పోతాయి. అంచేత పైకి 32,767 దాకానే. అది దాటితే, పాత మోపెడ్ మీటరు తొమ్మిదులన్నీ అయ్యాక సున్నాలకు తిరిగినట్టు, ఇది అట్టడుగున మైనస్ 32,768కి పడిపోయి అక్కణ్ణించి లెక్క సాగిస్తుంది. నలభై వేలలోంచి 65,536 తీసేసి చూశాను. సరిగ్గా నా మైనస్ 25,536! ఫోన్‌లో ఇంట్‌కి 32 బిట్లు, అందుకే అక్కడ తేడా రాలేదు. ఇంట్ తీసి ఎక్కువ చోటుండే లాంగ్ అని, తెర మీద చూపించే ప్రింట్ఎఫ్‌లో దానికి తగ్గట్టు ఎల్‌డి అని మారిస్తే ల్యాబ్‌లోనూ కాయలన్నీ తిరిగొచ్చాయి.

సెమిస్టర్ చివర ప్రాక్టికల్స్‌లో నాకు గ.సా.భా. ప్రోగ్రామ్ వచ్చింది. టెన్త్‌లో చేసిన యూక్లిడ్ పద్ధతే, శేషం సున్నా అయ్యేదాకా భాగిస్తూ పోవడం. అవుట్‌పుట్ వచ్చింది. ఇక వైవా, అంటే నోటితో జవాబు చెప్పే పరీక్ష. సి భాషను బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది డెనిస్ రిచీ, 1972 అని బస్సులో వల్లించుకుంటూ వెళ్లాను, అది అడగనే లేదు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు నా రికార్డు తిరగేస్తూ, "ఇంట్ రేంజ్ ఎంత?" అన్నారు.

"ఏ కంపైలర్‌లోనండీ?" అన్నాను.

ఆయన తిరగేయడం ఆపి తలెత్తి చూశారు. "కూర్చో బాబూ," అన్నారు.