మెట్స్ కార్డుల పిచ్చి

న్యూయార్క్ బేస్‌బాల్ టీమ్ మెట్స్‌కి ఫ్యాన్ అంటే ఏడుపు కొనితెచ్చుకోవడమే అని ఆఫీసులో ఆటపట్టిస్తారు గానీ, టాప్స్ కంపెనీ 1987లో వేసిన ఆటగాళ్ల ఫొటో కార్డుల సెట్‌లో మనోళ్ల కార్డులు ఒక్కోటీ పోగేస్తుంటే ఉంటది మజా… అంచంతా చెక్క డిజైను, గుడెన్, స్ట్రాబెర్రీ, గ్యారీ కార్టర్, అంతా ముందేడు వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) కొట్టిన బ్యాచ్. అప్పట్లో తెగ అచ్చేశారు కాబట్టి చిల్లరకే దొరుకుతాయి, అమ్మితే డబ్బులేం రావులెండి. నాకు మాత్రం మేనేజర్ డేవీ జాన్సన్ కార్డే ఇష్టం, వెనకాల టీమ్ చెక్‌లిస్ట్ (సెట్‌లో ఆ టీమ్ కార్డుల జాబితా) ఉంటుంది, నాకు దొరికినదాని మీద ఎవరో పిల్లాడు పెన్నుతో టిక్కులు పెట్టుకున్నాడు, స్ట్రాబెర్రీ దగ్గర మాత్రం ఖాళీ 😄 అసలీ జాన్సన్ 1969 వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ తరఫున ఆడి మెట్స్ చేతిలో ఆఖరి అవుట్ అయినోడు, 17 ఏళ్ల తర్వాత అదే మెట్స్‌కి మేనేజరై కప్పు తెచ్చిపెట్టాడు! మా ఆవిడేమో ఆ అట్టముక్కలకి ఇంకో ఆల్బమా అంటోంది, ఆర్డర్ అయితే పెట్టేశా.