క్రామ్‌ఫర్డ్ కాలువ, దాని పైన పాత రైలు దారి: ఇప్పటిదాకా నడిచింది

ఇంగ్లండ్ డెర్బీషైర్‌లో హై పీక్ ట్రెయిల్ అని ఒక నడక దారి ఉంది. క్రామ్‌ఫర్డ్ కాలువ పక్కనున్న హై పీక్ జంక్షన్‌లో మొదలై డౌలో అనే చోటి దాకా 17 మైళ్ల పైచిలుకు, అంతా పట్టాలు తీసేసిన రైలు మార్గం. చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు, లేదా పైన మిడిల్టన్ టాప్‌లో కారు ఆపుకుని చదును ముక్క నడిచి వెళ్లిపోతారు. నేను అంబర్‌గేట్ దగ్గర కాలువ గట్టు ఎక్కి మొదలుపెట్టాను. కాలువ చూడకుండా పైకి వెళ్తే ఆ రైలు దారి అలా ఎందుకు ఉందో అర్థం కాదని నా అభిప్రాయం.

ఏప్రిల్: అంబర్‌గేట్ – క్రామ్‌ఫర్డ్

డెర్బీ నుంచి మాట్‌లాక్ వెళ్లే రైలు అంబర్‌గేట్, వాట్‌స్టాండ్‌వెల్, క్రామ్‌ఫర్డ్ మూడు చోట్లా ఆగుతుంది. కాబట్టి ఈ ముక్కకు కారు అక్కర్లేదు. ఒక స్టేషన్‌లో దిగి, నడిచి, ఇంకో స్టేషన్‌లో ఎక్కేయొచ్చు. దూరం తొమ్మిది కిలోమీటర్ల లోపు. రైళ్లు మరీ తరచుగా ఉండవు, తిరుగు బండి టైము ముందే చూసి పెట్టుకోండి. ఓపిక లేకపోతే వాట్‌స్టాండ్‌వెల్ దగ్గర ఆపేయండి, అక్కడ కాలువ పక్కనే స్టేషను.

దారి పూర్తిగా చదును. గోదావరి జిల్లాల వాళ్లకి కాలువ అనగానే లాకులు గుర్తొస్తాయి కదా, ఈ ముక్కలో ఒక్కటీ లేదు. ఉన్న పద్నాలుగు లాకులూ తూర్పు చివర, బటర్లీ సొరంగానికి అవతల. 1794లో తెరిచిన ఈ కాలువను విలియం జెస్సప్, బెంజమిన్ ఔట్రమ్ కట్టారు. 1900లో నేల కుంగి బటర్లీ సొరంగం మూతపడింది, దాంతో ఇటువైపు ముక్క మిగతా కాలువల నుంచి తెగిపోయింది. ఇప్పుడు పడవల రద్దీ లేదు గనక నీటి ఎలుకలకీ పక్షులకీ రాజ్యం.

వానలు పడ్డాక అంబర్‌గేట్ వైపు గట్టు బురద, మామూలు రన్నింగ్ షూస్ చాలవు. దారిలో గ్రెగరీ సొరంగం డెబ్బై మీటర్లే గానీ లోపల చీకటి. ఫోన్ టార్చ్ సరిపోతుంది.

హై పీక్ జంక్షన్‌కి కాస్త ముందు పొడవాటి పొగగొట్టంతో లీవుడ్ పంప్ హౌస్ కనిపిస్తుంది. మొదట్లో ఈ కాలువకి సీసం గనుల నుంచి బయటికి వచ్చే నీరు ఆధారం. తర్వాత గనుల వాళ్లు ఇంకా లోతున మరో సొరంగ కాలువ తవ్వేసరికి ఆ నీరు అటు మళ్లింది. అందుకని 1849లో ఆవిరి యంత్రం పెట్టి పక్కనున్న డెర్వెంట్ నది నుంచి నీరు ఎత్తిపోశారు. ఇప్పటికీ కొన్ని ప్రత్యేక రోజుల్లో వాలంటీర్లు ఆవిరి పట్టి నడిపిస్తారు. నేను వెళ్లినప్పుడు తలుపులు మూసి ఉన్నాయి.

మే: హై పీక్ జంక్షన్ – మిడిల్టన్ టాప్

నాలుగైదు కిలోమీటర్లే, కానీ మొత్తం దారిలో కాళ్లకు పరీక్ష ఇక్కడే. షీప్ పాశ్చర్ వాలు కిలోమీటరు దాటి ఉంటుంది, ఎనిమిది తొమ్మిది అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుతుంది. మధ్యలో మలుపు లేదు, మెట్టు లేదు. చిన్న చిన్న అడుగులు వేస్తూ వెళ్లడమే. ఆగాలనిపిస్తే కింది భాగంలో పక్కనున్న గుంత దగ్గర ఆగండి. 1888లో, బళ్లను లాగే తాడు తెగిన వ్యాగన్లు ఈ వాలు మీంచి దూసుకెళ్లి, కింద కాలువనీ దాని అవతలి రైలు పట్టాలనీ దాటి పడ్డాయి. అలా జారిపోయే బళ్లను పట్టి ఆపడానికి తర్వాత తవ్విన గుంత ఇది. విరిగిన వ్యాగన్ ఒకటి ఇంకా అందులోనే పడి ఉంది.

రైలు దారి ఇంత నిటారుగా ఎందుకు? ఈ క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వేకి 1825లో అనుమతి వచ్చింది, 1830–31లో తెరిచారు. అటు వేలీ బ్రిడ్జ్ దగ్గరున్న పీక్ ఫారెస్ట్ కాలువనీ, ఇటు ఈ కాలువనీ కలపాలన్నది ఉద్దేశం. 33 మైళ్లు. నిజానికి కాలువే తవ్వేవాళ్లు, కానీ పైనంతా సున్నపురాయి, నీరు నిలవదు. అందుకని కాలువ బదులు పట్టాలు వేశారు. ఇంజనీరు జోసయా జెస్సప్, కింద కాలువ కట్టిన విలియం కొడుకే. ఎత్తు మారనంత దూరం కాలువలా చదునుగా పోనిచ్చాడు, ఎక్కాల్సిన చోట లాకుల బదులు వాలు పెట్టి, పైనున్న ఆవిరి యంత్రంతో బళ్లను లాగించాడు. స్టేషన్లను కూడా వార్ఫ్ (పడవల రేవు) అనే పిలిచారు! కింద చదును గట్టు మీద నడిచొచ్చిన కాళ్లకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

బ్లాక్ రాక్స్ దగ్గర బండల మీద కూర్చుని పులిహోర తిన్నాం, నేనూ మా తోడల్లుడూ. తర్వాత మిడిల్టన్ వాలు. ఇది పొట్టిదే గానీ తిన్న వెంటనే ఎక్కడం అంత తెలివైన పని కాదు. పైన యంత్రశాలలో 1829 నాటి యంత్రం అలాగే ఉంది. 1963 దాకా పనిచేసింది. దిగేటప్పుడు సైకిళ్ల వాళ్లు ఈ వాలుల్లో దిగి నడిపించుకు రావడమే మంచిది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చేతికర్ర తప్పనిసరి.

జూన్: మిడిల్టన్ టాప్ – మినింగ్‌లో గుట్ట

పది కిలోమీటర్ల పైన. గచ్చులాంటి గట్టి నేల, మామూలు షూస్ చాలు. హాప్టన్ దగ్గర చిన్న సొరంగం, ఆ తర్వాత 14కి 1 వాలు. మొదట ఇక్కడా తాడుతోనే లాగేవాళ్లు, తర్వాత ఇంజన్లే వేగం పుంజుకుని ఎక్కేసేవి. నడిచేవాళ్లకి పెద్దగా తెలియదు.

ఈ ముక్కలో బాధపెట్టేది గాలి. చెట్టు లేని మెరక, జూన్‌లో కూడా జాకెట్ విప్పలేదు. నీళ్లు మనిషికి లీటరున్నర పట్టుకెళ్లండి, మధ్యలో దొరకవు. రైలు నడిచిన రోజుల్లో ఇంజన్లకి కూడా పైన నీరు లేక కింద నుంచి ట్యాంకర్లలో నింపి వాలు మీదుగా లాక్కొచ్చేవాళ్లు.

మినింగ్‌లో గుట్ట దగ్గరి కార్ పార్క్ దాటి కొంచెం ముందుకి వెళ్తే గోథమ్ మలుపు. వ్యాసార్ధం 55 గజాలే, రైలు మలుపుకి అది మరీ బిగువు. దాన్ని చూసి వెనక్కొచ్చాం. తిరుగు బస్సు దొరకడం కష్టం కాబట్టి తోడల్లుడు తన కారు ముందే ఇక్కడ పెట్టి, నా కారులో మిడిల్టన్‌కి వచ్చాడు. రెండు కార్లు లేకపోతే నడిచిన దారినే వెనక్కి రావాలి.

మిగిలింది

పార్స్‌లీ హే దాకా ఇంకో ఎనిమిది కిలోమీటర్లు. అక్కడ సైకిళ్లు అద్దెకిస్తారు. అక్కడి నుంచి డౌలో వెళ్లకుండా టిస్సింగ్టన్ ట్రెయిల్ (ఇదీ పాత రైలు దారే) మీద ఆష్‌బోర్న్‌కి తిరుగుదామనుకుంటున్నాను. 13 మైళ్లు, ఎక్కువగా దిగుడే, ఆష్‌బోర్న్ నుంచి డెర్బీకి బస్సుంది. అది 1899లో తెరిచిన దారి, అప్పటికి ఇంజన్ల సంగతి బాగా తెలిసినవాళ్లు కట్టింది, తాడు వాలు ఒక్కటీ లేదు. అంత దూరం ఒక్క రోజులో మా తోడల్లుడు రానంటున్నాడు. సైకిల్ అయితే ఆలోచిస్తాడట.