పవర్ బ్యాంకు మీద తాడోబా

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో పెరిగే తెలుగు పిల్లల్ని మీదే ఊరంటే, అడిగినవాళ్ళని బట్టి జవాబు చెప్తారు. బడిలో చంద్రపూర్. పెళ్ళిళ్ళలో, మావాళ్ళ ముందు, మంచిర్యాల. మా ఇంట్లోనూ అంతే. పాప ఎనిమిదో తరగతి, బాబు ఐదు. బయట మరాఠీ, హిందీ, ఇంట్లో తెలుగు. ఏది సొంతూరో నేనెప్పుడూ తేల్చలేదు, ఆ తొందరా లేదు. పాపే ఒక బొమ్మ వేసి తేల్చేసింది.

మా తమ్ముడు కాలిఫోర్నియా నుంచి వస్తూ ఒక పవర్ బ్యాంకు తెచ్చాడు. దాని మీద యోసెమిటీ నేషనల్ పార్కు బొమ్మ. ఎల్ కాపిటన్ కొండ, కింద పైన్ చెట్లు, అంతా నాలుగైదు రంగుల్లో, ఒకదాంట్లో ఒకటి కలవకుండా. 1938 నుంచి 1941 దాకా అమెరికా ప్రభుత్వం పనిలేని చిత్రకారులకి జీతమిచ్చి పార్కుల పోస్టర్లు వేయించింది. ఆ పద్ధతే ఇప్పుడు కప్పుల మీదా, టీషర్టుల మీదా నడుస్తోంది. బాబు అటూ ఇటూ తిప్పి, "పులి లేదేంటి?" అన్నాడు. చంద్రపూర్ పిల్లాడు మరి!

పాప మాత్రం ఇంట్లో ఉన్న నల్ల పవర్ బ్యాంకు తీసి, మా జిల్లా పులుల అడవి తాడోబా వేస్తానంది. ఇలాంటి బొమ్మలు వీళ్ళకి కొత్త కాదు. ఊరెళ్ళినప్పుడల్లా రైలెక్కేది బల్లార్షాలో. స్టేషన్ గోడల నిండా ఇక్కడి కళాకారులు వేసిన అడవీ, పులులే. 2018లో రైల్వే శాఖ పెట్టిన అందమైన స్టేషన్ల పోటీలో బల్లార్షా, చంద్రపూర్‌లకి మొదటి బహుమతి వచ్చింది.

బ్యాటరీ వస్తువు కాబట్టి నేనూ పక్కన కూర్చున్నా. ఛార్జింగ్ పిన్ను పెట్టే చోటా, చిన్న లైట్ల మీదా టేపు అంటించాం. యాక్రిలిక్ రంగు పలచగా, ఒక పూత ఆరాక ఇంకోటి. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడదామన్నాడు బాబు. వద్దన్నా. లిథియం బ్యాటరీకి వేడి పడదు, మే నెలలో మా ఊరి ఎండకి తట్టుకోవడమే గొప్ప.

ఏం వేయాలన్న దగ్గరే అసలు గొడవ. బాబుకి పులి కావాలి. "పులి అందరూ వేస్తారు" అంది పాప. తనకి తాడోబా చెరువు కావాలి, గట్టున వెదురు, వెనక ఇప్ప చెట్టు. గోండులు కొలిచే తారు దేవుడి గుడి ఆ చెరువు పక్కనే ఉంది, అడవికి ఆయన పేరే వచ్చిందంటారు. చివరికి వెదుళ్ళ మధ్య రెండు చెవుల దగ్గర రాజీ కుదిరింది. తమాషా ఏంటంటే, 1955లో నేషనల్ పార్కైన ఆ అడవిలో సఫారీకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. తాడోబా బొమ్మున్న పవర్ బ్యాంకుకి తాడోబాలోనే పని లేదు.

మంచిర్యాలలో మా అమ్మ దాన్ని చూసి, "మన గోదావరి ఎయ్యకపోతివి బిడ్డా" అంది.

"గోదావరి మీ ఊరిది అమ్మమ్మా. ఇది మా ఊరు."

అమ్మ మొహం మాడిపోయింది. మా ఆయన సర్దిచెప్పబోతే నేను వద్దని సైగ చేశా. పాప ఆ మాట తెలుగులో అంది, అమ్మమ్మ యాసలోనే అంది. నువ్వున్న ఊరు నీది కాదని చెప్పి తెలుగు నేర్పితే, అది సెలవులకి మాత్రమే పనికొచ్చే తెలుగవుతుందని నా అనుమానం. పాప తెలుగులో అమ్మమ్మతో పోట్లాడుతోంది, నాకంతకంటే ఏం కావాలి?

మర్నాటికి అమ్మే మెత్తబడి, "నాకొకటి చేసియ్యి, గోదావరి పెట్టు, పుష్కర ఘాట్ గూడ" అంది. ఇప్పుడు గొడవ దాని మీద. 10,000 ఎంఏహెచ్ అని రాసున్నా, వోల్టేజీ మార్పులో పోయింది పోగా ఫోనుకి అందేది ఆరువేల చిల్లరే కాబట్టి 20,000ది కొనాలంటాడు బాబు. అమ్మమ్మది బటన్ ఫోను, అంత బరువు ఆవిడ సంచిలో ఎవరు మోస్తారంటుంది పాప.